మిగిలిన రెండు పేజీలు

ఆ ఆదివారం సాలోమోను సారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి టైపిస్టు జైబున్నీసా దగ్గర తన పత్రిక స్టెన్సిళ్ళు తీసుకోవాలి. నూనె మిల్లు మేడ మీదున్న గదిలో రోనియో మిషను తిప్పి నలభై ప్రతులు తీయాలి. భార్య రూతమ్మ చర్చి నుంచి తిరిగొచ్చేలోపు ఇల్లు చేరి, ఎక్కడికీ పోనివాడిలా పేపరు చదువుతూ కూర్చోవాలి. ఇంత చిన్న ప్రణాళికను చెడగొట్టడానికి దేవుడు కూడా బద్ధకిస్తాడు. అయితే సాలోమోను సారు దేవుణ్ణి నమ్మడు కాబట్టి, తర్వాత జరిగినదాన్ని ఆయన మీదికి నెట్టేసే వీలు కూడా లేకపోయింది.

ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా సైన్సు చెబుతున్నాడు. ముత్తాత దొరల కాలంలో బాప్తిస్మం పుచ్చుకున్నాడు, నాన్న పల్లెపల్లె తిరిగిన ఉపదేశి, భార్య చర్చి పాటల బృందానికి పెద్ద. ఈయన మాత్రం హేతుచింతన మండలికి ప్రొద్దుటూరు శాఖ కార్యదర్శి. మండలి సిద్ధాంతం మొత్తం రెండు ప్రశ్నల్లో ఇమిడిపోతుంది. చూసినవాడెవరు? వేరేగా జరిగి ఉండదా? ఏ మాటనైనా నమ్మేముందు ఈ రెండూ అడగాలి. అవి ఒకడు దగ్గితే ఇంకొకడు తన్నే అన్నాడనుకుని కొడవలి దూసే రోజులు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఈ రెండు ప్రశ్నల అవసరం ఎంతుందో ఆయనకు బాగా తెలుసు. వాటిని క్లుప్తంగా చెప్పడం ఎట్లాగో మాత్రం తెలియదు.

నెలకొకసారి 'హేతుచింతన' అని పదహారు పేజీల పత్రిక తీసేవాడు. నలభై ప్రతుల్లో తొమ్మిది తొమ్మిదిమంది సభ్యులకు పోయేవి. ఆ సభ్యుల్లో ఒకాయనకు చూపు ఆనదు, ఇంకొకాయన రూతమ్మ తమ్ముడు, బావ మీది మొహమాటానికి చేరాడు. మిగిలిన ముప్ఫై ఒక్క ప్రతులూ ఇంట్లో మంచం కింద చేరేవి. రూతమ్మ వాటిని వంటింటి అలమరాలో డబ్బాల కింద పరిచేది. "ఏమాటకామాటే చెప్పాల. మీ పత్రిక శానా గట్టి కాగితం," అని మెచ్చుకునేది కూడా.

ఆ అక్టోబరులో కడప జిల్లా సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరు రెండో ఆదివారం వార్షికోత్సవం నాటికి యాభైమంది సభ్యులు లేని శాఖలు మూసేస్తారట, రోనియో మిషను వెనక్కి తీసుకుంటారట. పన్నెండేళ్ళుగా తన చేత్తో సిరా పోసి, తన చేత్తో తిప్పిన మిషను. సాలోమోను సారుకు రెండు రాత్రులు అన్నం సయించలేదు. ఆ కసికొద్దీ కూర్చుని 'సాక్ష్యము - అనుమితి - అంగీకారము' అని పద్నాలుగు పేజీల వ్యాసం రాశాడు. దీంతో జనం కట్టలు తెంచుకుని వస్తారని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యమేమిటని తన్ను తాను అడుక్కోలేదు.

వ్యాసం ఇచ్చిన రోజే జైబున్నీసా చెప్పింది. "సార్, పద్నాలుగు పేజీలకే అయిపోతాంది. కాగితం మడిస్తే పదహారొస్తాది. వెనక రెండు పేజీలు ఖాళీ మిగుల్తాండాయి. ఏం చేద్దాం?"

"ఏదో ఒకటి పెట్టమ్మా. ఖాళీగా వదిలితే ఆయిల్ మిల్లోళ్ళు మూటల లెక్కలు రాసుకుంటారు," అనేసి వచ్చాడు.

జైబున్నీసాకు ముప్ఫై ఏళ్ళుంటాయి. భర్త కువైట్‌లో ఉన్నాడు. ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు నేర్పుతూ, అత్త షాహీదాబీని చూసుకుంటూ ఉంటుంది. ఆరేళ్ళుగా సారు పత్రిక టైపు చేసేది ఆమే, ఒక్క తప్పు దొర్లదు. అందుకని ఆ ఆదివారం సారు స్టెన్సిళ్ళు తెచ్చాడు, మిషనుకు తొడిగాడు, నలభై ప్రతులు తీశాడు, పంచాడు. రూతమ్మ వచ్చేసరికి పేపరు చదువుతూ కూర్చున్నాడు కూడా. చూసినవాడెవరని లోకాన్నంతా నిలదీసే మనిషి, తన పత్రిక చివరి రెండు పేజీలు మాత్రం చూడలేదు.

బుధవారం సాయంత్రం, జమ్మలమడుగు బస్టాండులో పుస్తకాల అంగడి నడిపే ఇక్బాల్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "సారూ, ఈసారి అమ్మిపెట్టమని ఐదు పంపినావు గదా, బస్సు కదిలేలోపు అయిపోయినాయి. ఇంకో నూరు గావాల. పులివెందుల నుంచి గూడా అడుగుతాండారు."

సాలోమోను సారుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్బాల్ పోగానే వంటింట్లోకి నడిచాడు. "విన్నావా? జనం మేలుకున్నారు. అనుమితి అంటే ఏందో తెలుసుకోవాలని జమ్మలమడుగు బస్టాండులో తన్నుకుంటాండారు."

రూతమ్మ పప్పు తిప్పుతూనే అంది. "అనుమితి సంగతి నాకు తెలీదు గానీ, పెన్నోబులేసు జీపు యాడ ఆగిందో నాకూ తెలుసుకోవాలనే ఉండె. ఆగింది. బతికినాడు. బాగుంది."

"పెన్నోబులేసా?"

రూతమ్మ గరిటె పక్కన పెట్టి, అలమరాలో కందిపప్పు డబ్బా కింద నుంచి కొత్త సంచిక లాగి, చివరి పేజీ తిప్పి ఆయన చేతిలో పెట్టింది.

పెన్నోబులేసంటే ఎవరో ఆ తాలూకాల్లో అందరికీ తెలుసు. ఒక వారపత్రికలో మూడేళ్ళు నడిచిన సీరియల్లో వీరుడు. వారానికొక పగ, వారానికి రెండు జీపులు. చదువు రానివాళ్ళు కూడా చదివించుకుని వినేవారు. వేసవిలో ఆ పత్రిక ఉన్నట్టుండి మూతపడింది. అప్పటికి పెన్నోబులేసు జీపు గండికోట దిగుడు మీద బ్రేకుల్లేకుండా పోతూ ఉంది. ఐదు నెలలుగా అట్లాగే పోతూ ఉంది. అక్కడ ఆగిపోయిన కథను ఎవరో హేతుచింతనలో పెన్నా ఇసుకలోకి దింపి ఆపారు.

మర్నాడు బడి వదలగానే సారు ఇన్‌స్టిట్యూట్‌కు పరుగెత్తాడు. "ఏంది తల్లీ ఇది? నా పత్రికలోకి ఈ పెన్నోబులేసు యాడినుంచి వచ్చినాడు?"

"ఏదో ఒకటి పెట్టమన్నారు గదా సార్."

"ఏదో ఒకటంటే ఒక సూక్తి పెట్టు, ఒక పొడుపుకథ పెట్టు! బాంబులేసేటోణ్ణి పెట్టమన్నానా?"

"మా అత్తకు ఆ సీరియలు నేనే చదివి వినిపిస్తాంటి సార్. పత్రిక నిలిచిపోయినాక 'జీపు ఏమాయె, జీపు ఏమాయె' అని ఒకటే పోరు. తట్టుకోలేక నేనే కల్పించి చెప్పినా. చెప్పింది గుర్తుండగానే టైపు కొట్టినా." జైబున్నీసా ఆయన ముఖం కేసి చూసింది. "అయినా బాంబు యాడ వేసినాడు సార్? మీరసలు చదివినారా?"

చదవలేదు. కోపంలో ఆ పని మర్చిపోయాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని చదివాడు. జీపు ఇసుకలో ఆగుతుంది. శత్రువులే బ్రేకు గొట్టం కోశారని మనుషులంతా కత్తులు నూరుతారు. పెన్నోబులేసు చెయ్యెత్తి "కోస్తాంటే చూసినోడెవరప్పా?" అంటాడు. ఎవరూ మాట్లాడరు. "వేరేగా జరిగుండదా?" అంటూ జీపు కిందికి దూరతాడు. కోసిన గొట్టం అంచు నున్నగా ఉండాలి, ఇది చివికి తెగింది. మార్చాలని మెకానిక్కు మొత్తుకుని ఆర్నెల్లయింది. అంతవరకూ అరిచిన నలభైమందీ తలలు దించుకుంటారు. పెన్నోబులేసు పగ తీర్చుకోవడానికి కాక, కొత్త గొట్టం కొనడానికి ప్రొద్దుటూరు బయలుదేరతాడు.

సారుకు ఒళ్ళు మండిపోయింది. తాను పద్నాలుగు పేజీల్లో చెప్పలేకపోయింది ఈ పిల్ల జీపు కింద దూర్చి రెండు పేజీల్లో చెప్పేసింది. అది ఒప్పుకోవడం కన్నా కోప్పడ్డం సులువు. "ఇదే ఆఖరు. నా పత్రిక విచారణ కోసం గానీ వినోదానికి గాదు," అనేసి లేచాడు.

కానీ ఆ వారంలోనే పదిమంది మేడ మెట్లెక్కి వచ్చి సభ్యులుగా చేరారు. చేరిన ప్రతివాడూ సంతకం పెట్టి తలెత్తి ఒకటే మాట అడిగాడు. "వచ్చే నెల పెన్నోబులేసు ఉంటాడు గదా?" తొమ్మిదికి పది కలిస్తే పంతొమ్మిది. యాభైకి ఇంకా ముప్ఫై ఒకటి తక్కువ. రోనియో మిషను మూలన కూర్చుని ఆయన వైపే చూస్తున్నట్టుంది. నవంబరు సంచికకు వ్యాసం ఇస్తూ సారు గోడకేసి చూసి, "ఈ ఒక్కసారికి. రెండు పేజీలు దాటకూడదు," అన్నాడు.

ఆ నెల కథలో పెన్నోబులేసు వామి కాలిపోయింది. పశువులకు మేతగా కుప్ప పోసిన వేరుశనగ కట్టె వామి, రాత్రికి రాత్రే బూడిద. ఎదుటివాళ్ళ పనేనని మనుషులు ఊగిపోతారు. పెన్నోబులేసు మాత్రం బూడిదలో చెయ్యి పెట్టి చూసి, చిన్నగా నవ్వుతాడు. వామి కాల్చిందెవరో ఆయనకు తెలిసిపోతుంది. అక్కడ రెండు పేజీలు అయిపోయాయి. మిగతాది డిసెంబరు వార్షికోత్సవ సభలో చదివి వినిపిస్తామని కింద ఒక లైను ఉంది.

ఆ సంచిక వెళ్ళిన నాలుగో రోజు పొద్దున సారు మొహం కడుక్కుంటుండగా ఇంటి ముందు మూడు జీపులు ఆగాయి. దిగినవాడు జమ్మలమడుగు పక్కన పెద్దవంక గ్రామంలో ఒక కట్టుకు, అంటే ఒక ముఠాకు, నాయకుడు బాలిరెడ్డి. వెనక నలభైమంది దిగారు. సారు చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది.

"నమస్తే సారూ. మేమంతా మీ దాంట్లో చేరేకి వచ్చినాం," అన్నాడు బాలిరెడ్డి. "కండువాలు యాడుండాయి? ఏ రంగు?"

"మాకు కండువాలు లేవు."

"జెండా?"

"లేదు."

"పోనీలే. మీకు ఎదుటోళ్ళు ఎవరు? అదన్నా చెప్పు, తెలుసుకోని ఉంటాం."

"మాకు ఎదుటోళ్ళంటూ ఎవరూ లేరు రెడ్డీ. ఇది ఆలోచించేవాళ్ళ సంఘం."

బాలిరెడ్డి నమ్మలేదు గానీ, పెద్దమనిషి కాబట్టి ఊరుకున్నాడు. సారును పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "నీకు తెలుసని నాకు తెలుసు సారూ. మా వామి కాలి పదైదు దినాలాయె. ఆ తిరుపాలరెడ్డిగాని పనే. కేసు పెట్టినా, సాక్షి లేడు. నీ పుస్తకంలో ఉండాది మా వామే గదా? శనక్కట్టె వామి, రాత్రి పూట, బూడిద, అన్నీ సరిపోయినాయి. మీ సభలో వాని పేరు చదువు. మిగతాది మేం చూసుకుంటాం."

సారు వద్దు, అది కల్పన, ఎవరో అమ్మాయి వాళ్ళత్త కోసం అల్లిన కథ అని ఎంత మొత్తుకున్నా, బాలిరెడ్డి ఏదో రహస్యం కాపాడుతున్నవాణ్ణి చూసినట్టు మెచ్చుకోలుగా చూశాడు. నలభైమందీ వరసగా సంతకాలు పెట్టారు. తర్వాత రూతమ్మ అందరికీ మజ్జిగ కలిపి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ పల్లెల్లో ఒక కట్టు ఒక పక్క చేరితే, రెండో కట్టు పొద్దుగూకేలోపు ఎదుటి పక్క చేరాలి. అది రాజ్యాంగం కన్నా పాత నియమం. కాబట్టి సాయంత్రం సారు బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు నాలుగు జీపులూ, యాభైమంది మనుషులూ ఉన్నారు. అరుగు మీద తిరుపాలరెడ్డి కూర్చుని ఉన్నాడు.

"బాలిరెడ్డి మీ దాంట్లో చేరినాడంట గదా," అన్నాడు. "మీ ఎదుటి పార్టీ ఆఫీసు యాడుంది? మేం దాంట్లో చేరాల."

"అట్లాంటిది లేదప్పా!"

"ఎదురు లేకుండా పార్టీ యాడన్నా ఉంటుందా సారూ? చెప్పకుంటే మానె. అబద్ధం ఎందుకు?" తిరుపాలరెడ్డి నిజంగానే నొచ్చుకున్నాడు. కాసేపు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. "సరే, అయితే మేం గూడా మీ దాంట్లోనే చేరతాం. లోపలుండే ఎదురుంటాం." లేవబోతూ, నవ్వకుండా చెప్పాడు. "నేను వామి కాల్చలేదు. మీ పత్రిక కథలో నా పేరొచ్చిందా, సారూ, నువ్వు చదువుకున్నోడివి, నీకు చెప్పేంతటోణ్ణి గాదు."

ఆ ఒక్క రోజులో సభ్యుల సంఖ్య నూరు దాటింది. శాఖ బతికింది. అయితే సభ రోజున ఆ మేడ మీద ఎవరు బతుకుతారన్నది తేలలేదు. కడప నుంచి తనిఖీకి సుందరం గారు వస్తున్నారు. ఆయన ఎదుట కొడవళ్ళు లేస్తే శాఖా ఉండదు, మిషనూ ఉండదు. అదట్లా ఉంచి, ఒక మనిషి తల పోతే ఆ పాపం ఎవరిదని ఆలోచించి సారుకు నిద్ర పట్టలేదు. రెండు ప్రశ్నలు నేర్పుదామని పన్నెండేళ్ళు పాటుపడితే చివరికి ఇదా మిగిలింది?

జైబున్నీసా దగ్గరికి పోయి టేబులు మీద రెండు చేతులూ పెట్టి అడిగాడు. "వామి కాల్చిందెవరు?"

"తెలీదు సార్."

"తెలీదంటే?"

"ఇంకా అనుకోలేదు. రెండు పేజీలు దాటకూడదంటిరి, జాగా అయిపోయె. నవ్వించి ఆపేసినా."

"మరి ఆ వామి నీకు ఎందుకు గావాల్సి వచ్చింది తల్లీ?"

"ఇట్లాంటి కథలో వామి కాలకుంటే ఎట్లా సార్? జనం ఒప్పుకోరు." అంటూనే సారు ముఖం చూసి ఆమెకూ జాలేసింది. "ఆదివారానికి ఇంకా మూడు దినాలుంది. ఆలోచిస్తా."

సారు ఆమె మీద నమ్మకముంచలేదు. ఇంటికొచ్చి తానే కథ ముగింపు రాయడానికి కూర్చున్నాడు. అపరాధి అజ్ఞాతుడనీ, అజ్ఞాతం జ్ఞానానికి తొలి మెట్టనీ తొమ్మిది పేజీలు రాశాడు. రూతమ్మ మొదటి పేజీ చదివి చేతికిచ్చేసింది. "ఇది చదివితే వాళ్ళు కొట్టుకోరు. ఇద్దరూ కలిసి నిన్ను కొడతారు."

ఆదివారం వచ్చింది. నూనె మిల్లు మేడ మీద గది చాలక జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. కిటికీల వైపు బాలిరెడ్డి మనుషులు, తలుపు వైపు తిరుపాలరెడ్డి మనుషులు, నడుమ దారి. ఆ నడుమ దారిలో పాత సభ్యులు తొమ్మిదిమంది ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఆ వారం చర్చి మానేసి వచ్చిన రూతమ్మ మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుంది. కట్టెలూ కొడవళ్ళూ అక్కడ పెట్టి, ఆమె రాసిచ్చిన చీటీ తీసుకుంటే తప్ప పైకి పంపలేదు. "నువ్వెందుకు వచ్చినావు?" అని సారు గొణిగితే, "నీకేమన్నా అయితే రేపు పోలీసోళ్ళు చూసినోడెవరని అడుగుతారు గదా. నేనన్నా ఉండాల," అంది.

సుందరం గారికి సంతోషం పట్టరాలేదు. ఏ శాఖలోనూ ఇంతమందిని ఆయన చూడలేదు. సాలోమోను సారు చెయ్యి పట్టుకుని ఊపుతూ, "మీ వ్యాసాల మహిమ!" అన్నారు. సారు నుదురు తుడుచుకున్నాడు.

జైబున్నీసా లేచి కాగితాలు విప్పింది. కథలో పెన్నోబులేసు బూడిదలో నుంచి చెయ్యి తీసి తన మనుషులను అడిగాడు, వామి వేసిందెప్పుడని. వాన వెలిసిన మర్నాడే అన్నారు. కట్టె ఆరిందా అని అడిగాడు. ఆరలేదు, తొందరకొద్దీ పచ్చిగానే తొక్కించి వేశామన్నారు. కాలేముందు దగ్గరికి పోయినవాడెవరని అడిగాడు. పశువుల పాలేరు ముందుకొచ్చి, రెండు రోజులుగా నడిమధ్య నుంచి ఆవిరి వచ్చిందనీ, మాగిన వాసన కొట్టిందనీ చెప్పాడు. "బయటోడు నిప్పు పెడితే మంట అంచు నుంచి లోపలికి పోతాది," అని జైబున్నీసా పెన్నోబులేసు గొంతుతో చదివింది. "ఇది లోపల పుట్టి బయటికొచ్చింది. పచ్చి మేత బిగదొక్కితే దాంట్లో వేడి పుడుతుంది, పోయే దారి లేక అదే రాజుకుంటుంది. ఈ వామి కాల్చినోడెవడూ లేడు. తడి కట్టె వెయ్యమన్నోణ్ణి నేనే."

కిటికీల వైపు నుంచి బాలిరెడ్డి జీపు డ్రైవరు లాల్ బాషా గొంతు వినిపించింది. "అన్నా, మన వామి గూడా నడిమధ్యనే గదా పొగొచ్చె. ముందు రోజు ఆవిరొస్తాందని నేను నీకు జెప్పినా. నువ్వు మంచు అన్నావు."

"నోర్ముయ్," అన్నాడు బాలిరెడ్డి. కానీ గొంతులో బలం లేదు.

తిరుపాలరెడ్డి మెల్లగా లేచాడు. "వాన వెలిసిన మర్నాడు వామి వేసింది ఊరంతా చూసినాం. నేనే నవ్వుకున్నా. ఆరబెట్టకుండా వెయ్యమన్నది ఎవరప్పా బాలిరెడ్డీ?"

సాలోమోను సారు కళ్ళు మూసుకున్నాడు. బాలిరెడ్డి ముఖం ఎర్రబడింది, నల్లబడింది, ఆఖరికి మామూలు రంగుకు వచ్చింది. "నేనే," అన్నాడు. తర్వాత ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలి కాబట్టి సారు వైపు తిరిగాడు. "ఇంత సంగతి తెలిసినోడివి ముందే చెప్పకూడదా సారూ? ఊరు ఊరంతా కొట్టుకోని చచ్చేవాళ్ళం గదా!"

"నాకెట్లా తెలుస్తాది రెడ్డీ? రాసింది ఈ పిల్ల!"

"నాకు మాత్రం ఎట్లా తెలుస్తాది సార్?" అంది జైబున్నీసా ఆశ్చర్యపోతూ. "మూడేండ్ల కింద మీరే రాసినారు గదా. 'దయ్యపు మంటలు - ఒక పరిశీలన'. పదకొండో పేజీలో ఉంది. పెన్నోబులేసు అడిగే ప్రశ్నలు గూడా మీవే గదా సార్. ఆరేండ్లుగా టైపు కొడతాండా. మీ వ్యాసాలు మొదటి నుంచి ఆఖరు దాకా చదివింది నేనొక్కదాన్నే."

అది తాను రాశానన్న సంగతి సారుకే గుర్తులేదు. పన్నెండేళ్ళుగా తన పత్రికకు ఒక్క నిఖార్సైన పాఠకుడుంటే చాలని ఎదురుచూశాడు. ఆ పాఠకురాలు నెలనెలా ఎదురుగా కూర్చుని, స్టెన్సిళ్ళు చేతికిచ్చి, 'తప్పులుంటే చెప్పండి సార్' అంటూ వచ్చింది. ఆ మాట ఆమెతో అనడం చేతగాక బాలిరెడ్డి మీద కేకలేశాడు. "విన్నావా? మూడేండ్ల ముందే రాసినా!"

"పదకొండో పేజీ దాకా ఎవరు పోతారప్పా?" అన్నాడు బాలిరెడ్డి. రెండు వైపుల వాళ్ళూ ఒకేసారి నవ్వారు. పెద్దవంకలో ఇరవై ఏళ్ళుగా ఆ రెండు కట్లూ కలిసి నవ్విన సందర్భం లేదు.

అంతటితో సభ ముగిసి ఉంటే సాలోమోను సారు ఆ ఊళ్ళోకెల్లా సుఖపడ్డ మనిషి అయ్యేవాడు. సుందరం గారు శాఖ నిలిచినట్టూ, రోనియో మిషను ఇక్కడే ఉంటున్నట్టూ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. "సభ్యుల్లో ఎవరైనా తీర్మానం పెట్టదలిస్తే పెట్టవచ్చు," అని నియమావళి ప్రకారం ఒక మాట జోడించారు.

తిరుపాలరెడ్డి లేచాడు. "పత్రికలో పద్నాలుగు పేజీలు వ్యాసానికి, రెండు పేజీలు పెన్నోబులేసుకు పోతాండాయి. ఇది అన్యాయం. తిరగేయాల. ఆ యమ్మే ఎడిటరుగా ఉండాల. సారు వ్యాసం యాడన్నా ఖాళీ మిగిలితే పెట్టుకోవచ్చు."

"బలపరుస్తాండా," అన్నాడు బాలిరెడ్డి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కంగారుపడ్డారు.

"ఇది... ఇది విచారణ కోసం పెట్టిన సంఘం!" అన్నాడు సారు లేచి నిలబడి. "జనానికి ఇదే గావాలంటే సాక్ష్యమేంది? చూసినవాడెవరు?"

గదినిండా, మెట్ల నిండా చేతులు లేచాయి. "మేమంతా చూస్తాండాం సారూ, లెక్కబెట్టుకో," అన్నాడు లాల్ బాషా. సారు లెక్కపెట్టాడు. నడుమ దారిలో ఎత్తిన చేతుల్లో రూతమ్మ తమ్ముడిది కూడా ఉంది. మెట్ల మొదట్లో చీటీల కట్టతో పైకి లేచిన చెయ్యి ఎవరిదో చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు. కాదన్నవాడు ఒక్కడే, ఆయనకు పక్కన ఆనుకోవడానికి కూడా ఎవరూ లేరు.

జనవరి సంచిక ఆరువందల ప్రతులు తీశారు. మిషను తిప్పింది సాలోమోను సారే, అది ఇంకొకరి చేతికి ఇచ్చేది లేదని పట్టుబట్టాడు. ఫిబ్రవరిలో వ్యాసం పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు పోతే, ఖాళీ మిగల్లేదని జైబున్నీసా నొచ్చుకుంటూ చెప్పింది. మార్చిలోనూ మిగల్లేదు. ఏప్రిల్లో మాత్రం ఆమే బడి దాకా వచ్చింది.

"సార్, ఈ నెల కథ పద్నాలుగు పేజీలకే తెగింది. వెనక రెండు పేజీలు మిగిలినాయి. ఖాళీగా వదిలితే బాగుండదు గదా. ఏదో ఒకటి రాసియ్యండి."

ఆ ఏదో ఒకటిని సాలోమోను సారు ఇప్పటికి ఏడుసార్లు తిరగరాశాడు.